ఇటుక గోడకి ఇటుక టైల్స్

ఇటుకలు పేర్చి గోడ కడతారట. ఆ ఇటుకలు కనపడకూడదని సిమెంటు పూస్తారట. పూశాక మళ్ళీ దాని మీద ఇటుకల్లా కనపడే టైల్స్ తెచ్చి అంటిస్తారట. కోడలు కృష్ణప్రియ ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచి భారతీదేవికి అన్నం సయించలేదంటే నమ్మండి. జగ్గయ్యపేటలో తెలిసినవాళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ ఆపి మరీ చెప్పింది. కూరగాయల బండి దగ్గర చెప్పింది, పాలకేంద్రం దగ్గర చెప్పింది. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. చెప్పినావిడకి మాత్రం నవ్వు రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. ఆవిడ భర్త బ్రహ్మయ్యకి చూపు లేదు. పత్తి, మిరప వేసి ఒంటిచేత్తో సేద్యం నడిపిన మనిషి. నీటికాసుల జబ్బు వచ్చి రెండు కళ్ళూ మెల్లమెల్లగా ఆరిపోయాయి. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకునేవాడు కాదు. వాళ్ళుంటున్న ఇంట్లో ముందుగది నుంచి పెరటి దాకా ఒక నడవా ఉంది. దాని గోడకి ఏనాడూ సిమెంటు పూయలేదు. కట్టిన ఏడాది పంట పోయింది, ఆ తర్వాత ఆ గోడ అలాగే అలవాటైపోయింది. ఆ ఇటుకల మీద ఎడమ చెయ్యి ఆనించుకుని మంచం దగ్గర్నుంచి పూజగదికి, పూజగది నుంచి పెరట్లో బాత్రూముకి ఆయనే వెళ్ళేవాడు, ఆయనే వచ్చేవాడు. ఏ ఇటుక మూల విరిగిందో, ఏ సందులో వేలు దూరుతుందో ఆ చేతికి కంఠతా వచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి ఆయనకి చూపు లేదన్న సంగతి భోజనాల వేళ దాకా తెలిసేది కాదు. భారతీదేవికి అదొక గర్వం. పైకి అనేది కాదు గానీ, లోపల మహా గర్వం.

పోయినేడు వానలకి ఆ ఇంటి పునాది కుంగింది. కొడుకు కిషోర్‌బాబు చిల్లకల్లు రోడ్డు వైపు స్థలం కొని కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. ఇల్లు లేస్తున్న కొద్దీ ఊరంతా బాగుంది బాగుంది అంటుంటే భారతీదేవికి గుండెల్లో రాయి పడింది. ఇప్పటి ఇళ్ళు ఆవిడ చూడనివా? గోడలకి పుట్టీ కొట్టి పాలమీగడలా నున్నగా చేస్తారు. నేల మీద మొహం కనపడుతుంది. ఆ గోడ మీద చెయ్యి వేస్తే ఎక్కడున్నామో తెలిసేదేమిటి, జారి పడ్డమే. బ్రహ్మయ్య కూడా ఒకసారి అననే అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు గానీ ఒక్కసారే చాలు.

"ఆ ఇంట్లోకి నా కాళ్ళతో నేను వెళ్ళాలి భారతీ. పిల్లాడిలా చెయ్యి పట్టి తిప్పే పనైతే నన్ను ఇక్కడే ఉండనీ."

ఆ మాట ఆవిడ కొడుక్కీ చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. మగవాడి పరువు సంగతి, ఎలా చెప్తుంది? చెప్పకుండానే కోడలి మీద ఒళ్ళు మండించుకుంది. ఇంట్లో ఇంత బెంగ పెట్టుకుని నేను కుమిలిపోతుంటే ఈ పిల్లకి ఫోన్లో బొమ్మలు, షోకులూనా అని.

ఒక ఆదివారం కృష్ణప్రియ కారు తీసి, "అత్తయ్యా, నందిగామ వెళ్ళొద్దాం రండి. టైల్స్ మీరు కూడా చూడాలి," అంది. ఆ అమ్మాయి నందిగామలో కాలేజీ లెక్చరరు, రోజూ అదే రోడ్డు. హైవే ఎక్కి చిల్లకల్లు దాటిందాకా భారతీదేవి నోరు విప్పలేదు. దాటాక ఆపుకోలేకపోయింది.

"అయినా నాకు తెలియక అడుగుతా. ఇటుకలే కావాలంటే సిమెంటు పూయకుండా వదిలేస్తే పోలా?"

"పచ్చి గోడైతే చెమ్మ పడుతుంది అత్తయ్యా. చీమలు చేరతాయి, ఇసక రాలుతుంది. ఇవైతే తుడుచుకోవచ్చు."

సమాధానం సబబుగా ఉండేసరికి ఆవిడకి ఇంకాస్త కోపం వచ్చింది.

కృపారావు షాపు హైవే పక్కనే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే భారతీదేవి కాసేపు అలా నిలబడిపోయింది. అబద్ధమెందుకు, బాగున్నాయి. బట్టీలోంచి ఇప్పుడే తీసినట్టు ఎర్రగా ఒక వరస, కాలి నల్లబడ్డ అంచులతో ఇంకో వరస, సున్నం కొట్టి వెలిసిపోయినట్టు తెల్లగా ఒకటి, బూడిద రంగులో ఒకటి. అచ్చం ఇటుకలే. మనిషి బుర్రే బుర్ర అనుకుంది లోపల. పైకి మాత్రం ముక్కు విరిచింది.

"ఇది తీసుకోండి మేడం, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు," అని కృపారావు ఎర్ర టైల్‌ని దీపం కింద పెట్టాడు. "చెయ్యి వేసి చూడండి, ఎంత నున్నగా ఉందో. దుమ్ము పట్టదు."

కృష్ణప్రియ దాని ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి టైల్ మీద వేసి మెల్లగా పక్కకి జరిపింది. మళ్ళీ వెనక్కి జరిపింది.

"ఇది వద్దండి. కళ్ళకే ఇటుక, చేతికి అద్దం."

కృపారావు భారతీదేవి వంక చూశాడు. ఆవిడేమో కోడలికి తలనొప్పి గానీ వచ్చిందా అని చూస్తోంది. ఈలోపు కృష్ణప్రియ రెండోదాని దగ్గరికెళ్ళింది. మళ్ళీ కళ్ళు మూత, మళ్ళీ ఎడమ చెయ్యి. అది బయటి గోడలకి వేసే రకం, రాయిలా గరుకుగా ఉంది.

"ఇదీ వద్దు. రోజూ రాసుకుంటే తోలు లేచిపోతుంది."

"రోజూ గోడకి చెయ్యి ఎవరు రాసుకుంటారు మేడం?" అని నవ్వాడు కృపారావు.

అప్పుడు వెలిగింది భారతీదేవికి. కోడలిది కుడి చేతివాటం. అన్నం కుడి చేత్తో తింటుంది, బోర్డు మీద కుడి చేత్తో రాస్తుంది. మరి గోడ మీద ఎడమ చెయ్యెందుకు వేస్తోంది? ఆ వేలాడేసిన మోచెయ్యి, నాలుగు వేళ్ళూ విప్పి బొటనవేలు పైకెత్తి పెట్టడం, అదంతా ఎవరిది? బ్రహ్మయ్యది. అచ్చుగుద్దినట్టు బ్రహ్మయ్యది.

"ఎప్పుడు చూశావే నువ్వు?" అని అడిగింది.

"రోజూ చూస్తానుగా అత్తయ్యా," అంది కృష్ణప్రియ కళ్ళు తెరవకుండానే. "మావయ్య ఇంటి గురించి ఒక్క మాటా అడగట్లేదు. రంగేంటని అడగరు, గదులెన్నని అడగరు. భయపడుతున్నారేమో అనిపించింది. అడిగితే ఒప్పుకోరు."

ఊరందరి దగ్గరా నోటికొచ్చినట్టు వాగానే అని భారతీదేవికి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా ముచ్చటేసింది. కట్టుకున్న భార్యని, నేను ఏడుస్తూ కూర్చున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, ఏడవకుండా దారి వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. ఎంత తెలివి, ఎంత మనసు. కృపారావు ఎదురుగా లేకపోతే అక్కడే దిష్టి తీసి ఉండేది.

చివరికి ఒకటి దొరికింది. మట్టి రంగు, పైన మరీ గరుకు లేదు. ఇటుకకీ ఇటుకకీ మధ్య గాడి మాత్రం లోతుగా, వేలి కొస ఆగేట్టు ఉంది. కృష్ణప్రియ మొహం విప్పారింది. ఇంక బిల్లు వేయించబోతుంటే భారతీదేవి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మాయ్. గృహప్రవేశం నాడు మీ మావయ్య రెండు చేతులా దేవుడి పటం పట్టుకుని ముందు నడవాలి. నా చేతుల్లో నిండుబిందె ఉంటుంది. ఆ రోజు గోడ ఎవరు పట్టుకుంటారు?"

కోడలు గతుక్కుమంది. ఆ సంగతి ఆ అమ్మాయికి తట్టనే లేదు. భారతీదేవి చెప్పులు విడిచింది. నేల మీద పరిచి ఉన్న టైల్స్ మీద ఒట్టి కాళ్ళతో నడవడం మొదలుపెట్టింది, కళ్ళు మూసుకుని. కోడలు ఆవిడ భుజం పట్టుకుని వెంట నడిచింది. షాపులోకి వచ్చినవాళ్ళు ఈ వింత చూస్తూ ఆగిపోయారు. కార్లు నిలిపే చోట వేసే రకం కాళ్ళకి గుచ్చుకుంది. మెరిసే రకం జారింది. ఒకచోట పాదం తనంతట తనే ఆగింది. అది ఇటుకలు పరిచినట్టుండే నేల టైల్. మెరుపు లేదు, జారదు, గాడి మడమకి తెలుస్తోంది.

"గడప నుంచి పూజగది దాకా ఇది బాటలా వేయిద్దాం. రెండు పక్కలా నున్నటివి వేసుకోండి. కాలికి నున్నగా తగిలిందంటే దారి తప్పినట్టే," అంది.

"ఇన్నాళ్ళ వ్యాపారంలో కళ్ళు మూసుకుని టైల్స్ కొన్నవాళ్ళని చూళ్ళేదండి," అన్నాడు కృపారావు. ఎందుకో చెప్తే లోపలికెళ్ళి, ఒకే రంగు పెట్టెలు తనే ఏరి బయట పెట్టించాడు.

టైల్స్ మేస్త్రీ బాజీ చుట్టుపక్కల మంచి పేరున్నవాడు. వాడు వేసిన గోడ మీద చెయ్యి వేస్తే ఎక్కడా ఆగదని చెప్పుకుంటారు. ఆ పేరే కొంప ముంచింది. ముందు నేల మీద బాట చెప్పినట్టే వేశాడు. తర్వాత నడవా గోడ పట్టుకున్నాడు. భారతీదేవి మధ్యాహ్నం టీ పట్టుకెళ్ళేసరికి వాడు గోడ మొత్తం అయిపోగొట్టి తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"గాడుల్లో దుమ్ము చేరుద్దని తెల్లసిమెంటుతో నింపేశా అమ్మగారూ. పైసా ఎక్కువ అడగను, నా తృప్తి కోసం చేశా. చెయ్యి వేసి చూడండి. ఎక్కడన్నా ఆగితే నా పేరు బాజీ కాదు."

ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి వేసింది. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా చెయ్యి ఎక్కడా ఆగలేదు. తిట్టడానికి నోరు తెరిచింది గానీ వాడి మొహంలో సంతోషం చూస్తే తిట్టు రాలేదు. పాపం, వాడికి తెలిసిన మంచి పని వాడు చేశాడు.

"బాజీ, కళ్ళు మూసుకో. గోడ పట్టుకుని పూజగది ఎక్కడొస్తుందో అక్కడ ఆగు."

బాజీ నవ్వుతూ కళ్ళు మూసుకున్నాడు. నడిచాడు. పూజగది దాటాడు, పెరటి తలుపు దాకా వెళ్ళి దాన్ని గుద్దుకుని ఆగాడు. తిరిగి చూసేసరికి నవ్వు పోయింది. బ్రహ్మయ్యగారిని వాడు ఎరుగును.

"నాకు ముందే చెప్పాల్సింది అమ్మగారూ," అన్నాడు. అని, అక్కడ పడున్న చెక్క ముక్కని కత్తితో సన్నగా చెక్కి, గాడిలో ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటు గీకడం మొదలుపెట్టాడు. గట్టిపడితే ఇంక రాదు. భారతీదేవి చీర కుచ్చెళ్ళు దోపుకుని ఇంకో పుల్ల అందుకుంది. ఫోన్ చేస్తే కృష్ణప్రియ కాలేజీ నుంచి తిన్నగా వచ్చి, బ్యాగు ఇసక కుప్ప మీద పడేసి కింది వరసల దగ్గర చతికిలబడింది. చీకటి పడకముందే గాడులన్నీ మళ్ళీ తేలాయి. వేళ్ళు బొబ్బలెక్కాయి. బాజీ తన గోడని తనే ఒకసారి కళ్ళు మూసుకుని తడుముకున్నాడు. ఈసారి గాడులు లెక్కపెట్టుకుంటూ వచ్చి సరిగ్గా పూజగది దగ్గర ఆగాడు.

ఇంత జరిగినా బ్రహ్మయ్య ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. ఒకసారి వచ్చి అలవాటు చేసుకోండి అంటే, "పాలు పొంగకుండా కొత్తింట్లో తిరుగుడేంటి," అని కొట్టిపారేశాడు. బాట సంగతి చెప్తే ఊఁ అన్నాడంతే.

గృహప్రవేశం రోజు పొద్దున, అందరికన్నా ముందు ఆవుని లోపలికి తోలుకెళ్ళే వేళకి బ్రహ్మయ్య చెల్లెలు రాజ్యశ్రీ హడావుడిగా గోనెపట్టాలు పరిచేసింది. మైలవరం నుంచి వచ్చింది పాపం, సాయం చెయ్యాలని. ఈ టైల్స్ ఇళ్ళల్లో ఆవు జారి పడటం ఆవిడ రెండు చోట్ల చూసిందట. పరిచింది ఎక్కడ? సరిగ్గా ఇటుకల బాట మీద.

"రాజ్యం, అవి తీసెయ్," అంది భారతీదేవి చంకలో బిందెతో.

"ఆవు జారుద్ది వదినా."

"జారదు. ముందు తియ్యి."

ఆ గొంతు విని రాజ్యశ్రీ చటుక్కున వంగింది. గోనెపట్టాలు పక్కకి పోయాయి. ఆవు గిట్టలు ఆనించుకుంటూ నింపాదిగా లోపలికెళ్ళింది, ఒక్కసారి కూడా తూలలేదు.

తర్వాత బ్రహ్మయ్య. రెండు చేతులా పటం గుండెకి ఆనించుకుని గడప ముందు నిలబడ్డాడు. కిషోర్‌బాబు తండ్రి మోచెయ్యి పట్టుకోబోతే కృష్ణప్రియ మొగుడి చొక్కా పట్టి వెనక్కి లాగింది. బ్రహ్మయ్య కుడికాలు గడప దాటింది. వేళ్ళు నేలని తడిమాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. మధ్యలో ఎడమ పాదం పక్కకి పోయి నున్నటి టైల్ మీద పడింది. ఆయన ఆగిపోయాడు. వెనకాల భారతీదేవి చేతుల్లో బిందె తొణికింది. చెయ్యి చాచడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ పాదం మెల్లగా వెనక్కి వచ్చి, గాడిని వెతుక్కుని, ఇటుక మీద నిలిచింది. అక్కడి నుంచి ఇంక ఆగలేదు. బాట అయిపోయిన చోట పూజగది గడప. దాటాడు, పీట మీద పటం దించాడు.

చేతులు ఖాళీ అయ్యాక బయటికొచ్చి ఎడమ చెయ్యి గోడ మీద వేశాడు. కాసేపు అలాగే తడుముతూ నిలబడ్డాడు.

"భారతీ, ఇవి ఎవరు ఏరారు?"

"గోడవి మీ కోడలు. నేలవి నేను."

"కళ్ళు మూసుకుని ఏరారు కదూ?"

కృష్ణప్రియ అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. భారతీదేవి బిందె దించి, పదిమందీ చూస్తుండగానే కోడలి బుగ్గలు నిమిరి వేళ్ళు మెటికలు విరిచింది. ఎదటే మెచ్చుకోవడం ఆ ఇంటా వంటా లేదు. ఆ రోజు మెచ్చుకుంది.

"అంతా బాగుంది గానీ వదినా," అంది రాజ్యశ్రీ నడవాలోకి తొంగి చూస్తూ, "ఈ గోడకి సిమెంటు పూయించలేదేం?"

"పూయించాం. మళ్ళీ దాని మీద ఇటుకలు పెట్టించుకున్నాం," అంది భారతీదేవి.

పాలు పొంగుతున్నాయని వంటింట్లోంచి ఎవరో పిలిచారు. బ్రహ్మయ్య గోడ వెంట చెయ్యి జరుపుకుంటూ పెరటి వైపు ఒక్కడే వెళ్తున్నాడు. భారతీదేవి అలవాటు కొద్దీ ఆయన వెనకాల రెండడుగులు వేసింది. వేసి, ఆగి, పాల దగ్గరికి వెళ్ళింది.