గోడకు అవతలి వెలుతురు

రోజూ ఉదయం తొమ్మిదింటికి టేపు బాబాయి ప్రయోగశాలలోని నల్లపెట్టె చుట్టూ తిరుగుతూ వాసన చూస్తాడు. ఎక్కడ వెలుతురు జొరబడుతుంటే అక్కడ టేపు అతికిస్తాడు. ఆయనకు వెలుతురు వాసన తెలుస్తుంది. ట్యూబులైటుది ఆరని బట్టల వాసన, లేజరుది అప్పుడే కోసిన కీరదోసకాయ వాసన. ఆయనకు జలుబు చేస్తే ప్రయోగానికి కూడా సెలవే.

అక్కడ వెతికేది చీకటి ఫోటాన్‌ అనే కణం కోసం. అసలది ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఉక్కుగోడ మీదికి లేజరు కొడతారు. ఆ వెలుతురులో రవ్వంత చీకటి ఫోటాన్‌గా మారి, గోడ దాటి, అవతలి నల్లపెట్టెలో మళ్లీ అదే లేజరు వెలుతురై కనిపించాలి. పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆరేళ్లుగా కాచుకుని కూర్చుంది. కనిపించింది మాత్రం గుండుసున్నా.

ఓసారి బాబాయి పదిరోజులు జలుబుతో మంచమెక్కాడు. డాక్టరేటు పట్టా గడువు తరుముకొస్తోందని అమ్మాయి పెట్టె తనే మూసి ప్రయోగం నడిపేసింది. పెట్టెలో రోజుకు ఏడెనిమిది మెరుపులు మొదలయ్యాయి. ఆమె ప్రొఫెసరుగారి కాలు నేల మీద నిలవలేదు. రేపు పదకొండింటికి లోకానికి చెప్పేద్దాం, అచ్చయ్యే కాగితంలో నీ పేరే ముందు అన్నారు. అమ్మాయి వాళ్లమ్మ అప్పుడే వీధంతా చాటేసింది.

ఆ మధ్యాహ్నం బాబాయి వచ్చి పెట్టె దగ్గర నిలబడిపోయాడు.

"ఇందులో కీరదోసకాయ లేదమ్మా. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. చిన్న దీపమేదో ఉంది లోపల."

"నేనే మూశాను బాబాయ్, లోపల ఏమీ..." అంటూ ఆగిపోయింది. పెట్టె వేడి చూసే థర్మామీటరు. దాని బుల్లి దీపానికి పాత టేపు ముక్క వేసి లోపలే వదిలేసింది. మన కంటికి ఆ టేపు చాలు, పెట్టెలోని సెన్సరుకి చాలదు.

"మూత తీస్తే ఇన్నాళ్ల లెక్కా పోతుంది," అన్నాడు బాబాయి. "తియ్యకపోతే నేనెవరితోనూ అనను. నీ ఇష్టం తల్లీ."

ఆమె స్క్రూడ్రైవరు తీసుకుంది. బాబాయి మూత పట్టుకుంటే థర్మామీటరు బయటికి తీసి పెట్టె మళ్లీ మూసింది.

మర్నాడు ఉదయానికి మళ్లీ సున్నా. విని ప్రొఫెసరుగారు కుర్చీలో కూలబడ్డారు. "పదకొండు దాటాక తెలిసుంటే మన గతేమిటమ్మా," అని బాబాయికి రెండు చేతులూ జోడించారు.

తాము వెతికినంత మేర ఆ కణం లేదని గట్టిగా చెప్పగలిగినందుకే ఆమెకు పట్టా వచ్చింది. ఆ సంగతి అచ్చయిన కాగితం తెచ్చి బాబాయి చేతికిచ్చింది. అన్నిటికన్నా పైన ఆయన పేరుంది. ముప్పై ఏళ్లుగా అక్కడ టేపు వేస్తున్నా ఆయన పేరు ఎక్కడా అచ్చవలేదు.

"నీ పేరుకన్నా ముందు పడిందేమిటమ్మా? పొరపాటేమో."

"ఒక పొరపాటు చేశాను, చాలు బాబాయ్. ఇది కాదు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "మా ఆవిడకి చూపించి వస్తా," అని పని మధ్యలో ఇంటికి బయల్దేరాడు.