పలక మీది పసుపు

పుంగనూరు దాటి సదుం దారిలో కొంతదూరం పోతే గంగులప్ప చేను వస్తుంది. చెట్టూ చేమా లేని పన్నెండెకరాల మెట్ట. శెనక్కాయ పీకేశాక మళ్లీ వాన పడేదాకా ఆ నేలకు పనేమీ ఉండదు. 1993లో ఉపగ్రహాల ఆఫీసు వాళ్లకు అందుకే అది నచ్చింది. తన చేను ఆకాశానికి కూడా పనికొచ్చిందని గంగులప్ప కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

వసుధ ఆ ఆఫీసులో చేరి రెండేళ్లయింది. సొంతూరు మదనపల్లె కాబట్టి ఈ పని ఆమె నెత్తిన పెట్టారు. చెప్పుకుంటే చిన్న పనే. ఇరవై రెండు రోజులకోసారి, పొద్దున పదిన్నరకు, ఉపగ్రహం ఆ చేని మీదుగా పోతుంది. అదే వేళకు ఆమె కింద నిలబడి, నేల ఎంత వెలుతురును వెనక్కి పంపుతోందో కొలవాలి. వెలుతురు కొలిచే మీటరుకు మొదట ఒక తెల్ల పలకను చూపించి, తర్వాత నేలను చూపిస్తే, అది రెంటినీ పోల్చి లెక్క చెబుతుంది. అంటే మొత్తం కొలతంతా ఆ పలక తెలుపు మీద ఆధారపడి ఉంటుంది. దానికి వేలు కూడా తగలకూడదని పెట్టె మూత మీదే రాసిపెట్టారు.

దసరా వెళ్లాక మూడుసార్లు కొలిచింది. ఉపగ్రహం నీలిరంగును తక్కువగా చూస్తున్నట్టు తేలింది. మొదటిసారి తొమ్మిది శాతం తక్కువ, రెండోసారి ఏడు, మూడోసారి అయిదు. ఉపగ్రహానికి చూపు మందగించిందని పై అధికారి నారాయణస్వామికి ఉత్తరం రాసింది. "వయసు మళ్లిన కన్ను మసకబారడం చూశాను గానీ, నెల తిరిగేసరికి బాగుపడడం ఎక్కడా చూడలేదమ్మా" అని ఆయన తిరుగు టపాలో రాశాడు. ఎత్తిపొడిచినా న్యాయం తప్పని మనిషి. తగువు తీర్చడానికి విమానాన్ని పంపిస్తానన్నాడు. ఉపగ్రహంలో ఉన్నటువంటి కెమెరానే విమానానికీ బిగిస్తారు. దాన్ని ఆఫీసు దీపాల ముందు వేరుగా సరిచూస్తారు. పైనున్నది ఒకటీ, కిందున్నది ఒకటీ చెబితే నడుమనున్నది సాక్ష్యం పలుకుతుంది.

వసుధ మాటే నిలిస్తే, దసరా నుంచి తీసిన ప్రతి చిత్రంలోనూ ఆమె లెక్క ప్రకారం నీలిరంగు పెంచుతారు. ఆ సవరణ కాగితం మీద ఆమె పేరు అచ్చవుతుంది. ఆ పేరు ఏ అక్షరాల్లో వేస్తారో కూడా ఆమె ఊహించుకుని ఉంది. ఆశకు అంతేముంది.

జనవరిలో విమానం వచ్చే రోజున ఎనిమిదిన్నరకల్లా జీపు చేలో ఆగింది. డ్రైవరు జిలాన్ సామాను దించాడు. వసుధ పలకను స్టాండు మీద నిలబెట్టింది. గంగులప్ప పెళ్లాం సిద్ధమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి, పలకను ఒక పక్కనుంచి తేరిపార చూసింది.

"ఏమ్మా, దీనికి పసుపు పెట్టినారా?"

"లేదే. యాల అట్లడగతావు?"

"ఈ మూలనుండే మేకు సుట్టూ సూడు. తెల్లగుడ్డ మింద పసుపు మరక యాడుండినా నా కండ్లకు దొరికిపోతాది."

వసుధ వంగి చూసింది. మేకు చుట్టూ వెంట్రుకంత పసుప్పచ్చటి గీత ఉంది. నోట్‌బుక్కులోంచి తెల్లకాగితం చించి పలక పక్కన పెట్టింది. కాగితం పక్కన పలక మీగడ రంగులో కనిపించింది. ఆమెకు దసరా గుర్తొచ్చింది.

ఆయుధ పూజ నాడు జీపుకు నిమ్మకాయలు కట్టారు. మీటరుకు బొట్టు పెట్టారు. అన్నిటికీ పెట్టి పలకనొక్కదాన్ని వదిలేస్తే దానికేదో అపచారం చేసినట్టనిపించింది వసుధకు. వేలు తగలకూడదన్నది మామూలు రోజుల మాట, పూజకు వర్తించదనుకుంది. నాలుగు మూలలా పసుపు పెట్టి, మర్నాడు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. ఆ తుడవడంలోనే పసుపు పలకంతా పలచగా పరుచుకుంది. పసుపు నీలిరంగును మింగేస్తుంది. పెట్టె తెరిచిన ప్రతిసారీ కాసేపు ఎండ తగిలి మరక కొంచెం వెలిసింది. తొమ్మిది, ఏడు, అయిదు. ఉపగ్రహం కన్ను మొదటినుంచీ బాగానే ఉంది.

"దానికేమమ్మా, ఎండలో పెట్టు. పసుపు ఎండకు నిలవదు. రెండు గంటల్లో గుర్తు కూడా ఉండదు" అంది సిద్ధమ్మ.

రెండు గంటల వ్యవధే ఉంది ఉపగ్రహం రావడానికి. పలక తెల్లబడితే ఈరోజు ఉపగ్రహం, విమానం, మీటరు మూడూ ఒక్కటే చెబుతాయి. ఉపగ్రహం కోలుకుందని రాసుకోవచ్చు. పాత లెక్కలు పాత లెక్కలుగానే ఉంటాయి. విమానం వెనక్కి దసరా దాకా ఎగిరి పోలేదు కదా. కాకపోతే మంచి చిత్రాలను తప్పుడు లెక్కతో దిద్ది ఊరూరా పంచుతారు. వసుధ పలక ముందు కదలకుండా నిలబడింది. ఆమెకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

సంగతి విన్న జిలాన్ గొంతు తగ్గించాడు. "డ్రైవరు తుడిసినాడని రాసేయండి మేడం. నన్ను ఏం జేస్తారు? మహా అయితే రెండు తిట్లు తిడతారు."

"పసుపు నువ్వు పెట్టినావా జిలాన్?"

"నేను పెట్టలేదు గానీ, నిమ్మకాయలు తెచ్చింది నేనే కదా."

ఆమె నవ్వలేకపోయింది. పలకను స్టాండు మీదినుంచి తీసి పెట్టెలో పెట్టి మూత వేసింది. దాని మీద జీపులోని నల్ల గొడుగు తెరిచి నిలబెట్టింది. మరక ఉన్నదున్నట్టు ఉంటేనే విమానం కొలత ఆమె తప్పును పట్టిస్తుంది. సిద్ధమ్మ వింతగా చూసింది. మరకను పోగొట్టుకోవడానికి తంటాలు పడేవాళ్లనే ఆమె ఎరుగును గానీ, కాపాడుకునేవాళ్లను చూడలేదు.

పది ఇరవైకి వైర్‌లెస్‌లో పైలట్ గొంతు వినిపించింది. "కుప్పం దాటాం. కింద అంతా సిద్ధమేనా?"

"సిద్ధమే" అంది వసుధ. పదిన్నరకు పెట్టె తెరిచి, అర నిమిషంలో కొలిచి మూసేసింది. తలమీద విమానం మోత వచ్చి పోయింది. ఉపగ్రహం ఎవరికీ కనబడకుండా తన దారిన తాను పోయింది.

అప్పుడు పెన్ను తీసి, మూత మీద ఉన్న పాత హెచ్చరిక కింద పెద్ద అక్షరాలతో రాసింది: "ఆయుధ పూజకు ఈ పలకకు నేను పసుపు పెట్టాను. నా మూడు లెక్కలూ తప్పు. పరీక్షించేదాకా ఎండ తగలనివ్వకండి." కింద తన పేరు రాసింది. అచ్చులో చూసుకోవాలనుకున్న పేరు అదే.