ముంచితే పోని ఎంగిలి

నేను ఒక గాజు గ్లాసును. ఒంటి చుట్టూ ఎనిమిది పలకలు, అంచు కింద వెంట్రుకంత బీట. ఇప్పుడు పెంటకుప్ప మీద రెండు ముక్కలై పడి ఉన్నాను. జాలిపడేవాళ్లు కాస్త పక్కకు జరగండి, నాకు ఎండ తగలాలి.

ఎర్రటి కొలిమిలో పుట్టాను. కొన్నాళ్లు ఒక మిఠాయి కొట్టులో లస్సీ మోశాను. అది మూతపడ్డాక సంతలో అసిరమ్మ చేతికొచ్చాను. జూట్ మిల్లు గేటు ఎదుట ఆవిడది టీ బడ్డీ.

అసిరమ్మకు ఎంగిలి అంటే మహా పట్టింపు. కూతురు దమయంతి కొరికిన జాంపండును కూడా ముట్టదు. ఇంట్లో ఎవరైనా మంచినీళ్లు ఎత్తి పోసుకోవాల్సిందే, పెదవి తగిలితే చెంబు బూడిదతో తోమాల్సిందే. అదే మనిషి బడ్డీలో మాత్రం బల్ల కింద ఒక బకెట్టు పెట్టుకుంది. పొద్దున నింపిన నీళ్లు మధ్యాహ్నం దాకా అవే. వందమంది తాగిన గ్లాసుల్ని అందులో ఒక్క ముంచు ముంచి తీసేది. అంతే, ఎంగిలి పోయినట్టే! ఆ శాస్త్రం వైరస్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముసురు రోజుల్లో మిల్లులో సగం మందికి దగ్గు పట్టుకుంది. వాళ్లలో ఒకడైన అప్పలనర్సయ్య ఒళ్లు కాలిపోతున్నా పనిలోకి వచ్చాడు. నోటికి అడ్డమైనా పెట్టుకోకుండా బల్ల మీదికే దగ్గి, నాలో టీ తాగి వెళ్లాడు. నన్ను బకెట్టులో ముంచి, మరుక్షణం నాలోనే అల్లం టీ పోసి దమయంతికి ఇచ్చింది తల్లి. తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన ఏడు నెలల గర్భిణి ఆ పిల్ల. చేజారి పడి పగిలిపోదామనుకున్నాను. నాకు కాళ్లా, చేతులా? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో నాటికి దమయంతికి జ్వరం, ఆయాసం. ఆస్పత్రిలో చేర్చారు. ఫ్లూ అన్నారు, కడుపులో బిడ్డకూ ప్రమాదమే అన్నారు. అసిరమ్మ దిష్టి తీసింది, ముడుపు కట్టింది. పాల ఫ్లాస్కుతో పాటు నన్నూ సంచిలో వేసుకెళ్లింది. వార్డులో నన్ను మగ్గులో ముంచి పాలు పోయబోతుంటే నర్సు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇదేం కడగడమమ్మా?"

"ముంచీసినాను కదా సిస్టరమ్మా, ఇంకేటి ఎంగిలుంటాది?"

"ఎంగిలి నీ కంటికి పోయింది, జబ్బు పోలేదు. సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో వెయ్యి. నీ చేతులూ సబ్బుతో కడుక్కో. దగ్గేవాళ్లను నీ కూతురి దగ్గరికి రానివ్వకు. కడుపుతో ఉన్నవాళ్లకు ఫ్లూ టీకా ఉంది, ముందే డాక్టరును అడగాల్సింది."

అసిరమ్మ నన్ను చప్పున కింద పెట్టేసింది. "అయితే నా సేత్తో నానే ఇచ్చీసినానా, తల్లీ?"

"దగ్గు తుంపర్లతో వచ్చిందో, చేతుల మీదుగా వచ్చిందో, గ్లాసుతో వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అన్ని దారులూ మూసెయ్."

ఆరో రోజున దమయంతి తేరుకుంది. కడుపులో బిడ్డ గట్టిగా తన్నిందని తల్లి చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. అసిరమ్మ భోరుమని ఏడ్చింది.

మళ్లీ బడ్డీ తెరిచిన పొద్దున, ఆ బకెట్టును ఒక్క తన్ను తన్నింది. అది వెళ్లి పెంటకుప్ప మీద బోర్లాపడింది. రెండో పొయ్యి వెలిగించి డేగిశాతో నీళ్లు పెట్టింది. జ్వరం తగ్గిన అప్పలనర్సయ్య అది చూసి నవ్వాడు.

"ఏటప్పా, గ్లాసులకి కూడా వంటొండుతన్నావా? ఎదర కొట్లో సిటికెలో ఇచ్చెత్తారు."

"ఎల్లు, ఆడికే ఎల్లు. నా కాడ తాగాలంటే దగ్గొచ్చినప్పుడు మోచెయ్యి అడ్డెట్టుకోవాల, జొరమొస్తే ఇంటికాడ తొంగోవాల. నా కూతురు గుంట పేనం మీదికొచ్చింది, నీకు తొందరేటి?"

అతను వెళ్లాడు. వెంట సగం మంది వెళ్లారు. అసిరమ్మ తల కూడా తిప్పలేదు.

మరిగే నీళ్లలో నన్నే మొదట వేసింది. పాత బీట ఊరుకుంటుందా, టప్పున రెండయ్యాను. గరిటెతో తీసి ఇక్కడ పారేసింది. నాకేం చింత లేదు. జబ్బు మోస్తూ నిండుగా ఉండటం కంటే ఇదే నయం.

పక్కనే ఆ బకెట్టు ఉంది. ఎవరైనా జాలిపడి మళ్లీ బల్ల కిందికి తీసుకుపోతారేమోనని ఎదురుచూస్తోంది. చూడనీ. ముందు నన్ను దాటాలి. నా అంచు ఇంకా పదునుగానే ఉంది.