ప్రార్థన మనవి

మా కంపెనీలో మనుషుల్ని తీసేసే ముందు వాళ్ల పోస్టులు చూస్తారు. ఆ చూసేది నేనే. లింక్డిన్‌లో ఎవరు కొత్తగా కోటు వేసుకున్న ఫోటో పెట్టారు, ఎవరు ఉన్నట్టుండి సర్టిఫికెట్లు చూపించుకుంటున్నారు, ఎవరు రిక్రూటర్లకు లైకులు కొడుతున్నారు, ఇవన్నీ చూసి, మానేసేలా ఉన్నవాళ్ల జాబితా ప్రతి శుక్రవారం మా హెచ్ఆర్ హెడ్ శాంసన్ సార్‌కు ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు వెళ్లేదాకా ఆగడం సార్‌కు ఇష్టముండదు. శుక్రవారం సాయంత్రమే పంపేస్తారు.

పోయిన నెల శశిభూషణ్‌ను అలాగే పంపారు. పెళ్లిసంబంధాల కోసం దిగిన ఫోటో బాగుందని అక్కడా పెట్టుకున్నాడు, అంతే. జాబితాలో అతని పేరు రాసింది నేను. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ పాపిష్టి పని వదిలేసి వేరే ఉద్యోగం చూసుకుందామనుకున్నాను.

కానీ నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మెట్టుగూడ ఆసుపత్రిలో అది జరిగేది నా కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు మీద. కొత్త ఉద్యోగం చేతికి రాకముందే ఇది ఊడితే ఆ కార్డు పనిచేయదు. అందుకే దొంగతనంగా వెతికాను. ఫోటో మార్చలేదు, ఒక్క లైకు కొట్టలేదు. నాలాంటి దాని కంటికి నేనే దొరక్కూడదు కదా!

బుధవారం పదకొండింటికి ఫోన్ ఇంటర్వ్యూ పడింది. ఆ రోజు నాకు ఇంటినుంచే పని, కానీ బుధవారాలు తార్నాకలో మా ఇంట్లో స్త్రీల ప్రార్థన. పాతికమంది చప్పట్లు కొట్టి పాడుతుంటే ఫోన్లో ఏం వినబడుతుంది? యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లి మాట్లాడతానని అమ్మకు చెప్పక తప్పలేదు. ఎవ్వరికీ చెప్పొద్దన్నాను. ఒట్టు వేయడం మా అమ్మ కరుణమ్మకు పాపం, అందుకని ఉత్త మాట తీసుకున్నాను.

లైబ్రరీ దాటాక నీడలో ఒక అరుగు మీద కూర్చున్నాను. ఇంటర్వ్యూ ఇరవై నిమిషాల్లో ముగిసింది. ఉన్న ఉద్యోగం ఎందుకు మానుతున్నారని అడిగితే ఏదో అతికించి చెప్పాను. "చూసి చెప్తాం" అన్నారు. ఆ మాట ఎలాంటిదో నాకు తెలుసు, నేనూ చాలామందికి చెప్పాను.

ఫోన్ చూస్తే మా చర్చి వాట్సాప్ గ్రూపు పైకి వచ్చి ఉంది. దాన్ని మ్యూట్ చేసి ఏడాదైంది. అమ్మ పోస్టు: "మా ప్రిస్కిల్లాకు ఈరోజు పదకొండు గంటలకు వేరే కంపెనీలో ఇంటర్వ్యూ. దయచేసి ప్రార్థించండి."

కింద వరసగా ఆమెన్లు. మొట్టమొదటిది శాంసన్ సార్‌ది. ఆయనది మా చర్చే. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. లోకంలో అందరి పోస్టులూ చూసే దాన్ని, అమ్మ పోస్టు చూసుకోలేదు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. వెనక పాట వినిపిస్తోంది.

"ఎవరికీ చెప్పొద్దన్నానా లేదా?"

"నేనెవరికి చెప్పానే? ప్రార్థన మనవి పెట్టానంతే. అది చెప్పడమెలా అవుతుంది?"

"ముందు దాన్ని తీసెయ్యమ్మా, నీకు దండం పెడతాను."

"దేవుడి ముందు పెట్టింది వెనక్కి తీసుకుంటామా? యాభైమంది ప్రార్థిస్తున్నారు, నువ్వు భయపడకు" అని పెట్టేసింది.

భయపడక ఏం చేయను? అరుగు మీదినుంచి లేవబోతుంటే ఫోన్ మోగింది. శాంసన్ సార్. ఎత్తకూడదనుకున్నాను. ఎత్తకపోతే ఇంకా ఘోరం.

"వందనాలమ్మా. ఇంటర్వ్యూ ఎట్లయింది?"

"సార్, అమ్మ ఏదో పొరపాటున..."

"అమ్మనేం అనకు. మంచి పనే చేసింది. ఏమన్నరు వాళ్లు?"

"చూసి చెప్తామన్నారు సార్."

అవతల కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది.

"ఆ జాబ్ నీకు తప్పకుండ రావాలమ్మా" అన్నారు చివరికి, ఎంతో ప్రేమగా. "మీ నాయన సంగతి నాకు తెల్వదా? శుక్రవారం లోపల్నే ఇప్పియ్యమని దేవుణ్ని అడుగుతున్న."