నలుపు కరవదు

ఆ రోజుల్లో పటమట చుట్టుపక్కల శౌరయ్య దగ్గర పని నేర్చుకోని వైర్‌మన్ దొరకాలంటే కాస్త వెతకాల్సి వచ్చేది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయన చెప్పే పాఠం ఒకటే. "ఎరుపు, పసుపు, నీలం కరుస్తాయిరా. నలుపు కరవదు. ఆకుపచ్చ నేలలోకి పోతుంది." పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అప్పజెప్పించుకునేవాడు. తప్పితే నెత్తిన మొట్టికాయ పడేది.

టెస్ట్ ల్యాంపు పట్టుకోవడం కూడా ఆయనే నేర్పాడు. బల్బుకి ఉన్న రెండు వైర్లలో ఒకదాన్ని ముందు నల్ల వైరు చివరకి వేళ్ళతో మెలిపెట్టాలి. రెండోదాన్ని తక్కిన వాటికి తాకించి చూడాలి. వెలిగితే కరెంటున్నట్టు. అలా చెయ్యకూడదని పుస్తకాల్లో ఉంది. కానీ ముప్ఫై ఏళ్ళలో నల్ల వైరు ఎవర్నీ కరిచిన పాపాన పోలేదు, అందుకని పుస్తకాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు.

1976లో కంకిపాడు దాటాక, కాలవ గట్టున బసవపున్నయ్య కొత్త రైసుమిల్లు కట్టాడు. యంత్రం జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చింది. వైరింగు పని శౌరయ్యది. కంట్రోలు పెట్టె తలుపు తీసి చూస్తే లోపల ఎరుపు లేదు, పసుపు లేదు. ఒక గోధుమరంగు, రెండు నలుపులు, ఒక నీలం. ఇవి కాక పసుపూ ఆకుపచ్చా చారలున్నది ఇంకొకటి. శౌరయ్య రెండు రోజులు మిల్లులోనే కూర్చుని, యంత్రంతో వచ్చిన బొమ్మల పుస్తకం ముందేసుకుని కుస్తీపట్టాడు. తేలిందేమిటంటే, ఆ మధ్యనే దేశాలన్నీ కలిసి వైర్ల రంగులకి ఒక అంతర్జాతీయ ప్రమాణం రాసుకున్నాయి. దాని ప్రకారం నలుపులో కరెంటు ఉంటుంది. నీలాన్ని ముట్టుకున్నా ఏమీ కాదు. మన రూల్సుకి సరిగ్గా తలకిందులు.

శౌరయ్య ఆ రోజే బజారుకి పోయి మన రంగుల గొట్టాలు తెచ్చి, పెట్టెలో ప్రతి వైరు చివరకీ తొడిగాడు. గొట్టాలు ఎప్పుడైనా ఊడిపోతాయేమోనని ఒక రేకుముక్క మీద ఎర్రరంగుతో తనే రాసి తలుపు లోపలివైపు బిగించాడు: "జాగ్రత్త. ఈ పెట్టెలో నలుపు కరుస్తుంది. నీలం కరవదు."

మిల్లులో వైర్‌మన్‌గా కుదిరినవాడు ఆమోసు. శౌరయ్య దగ్గరే ఎనిమిదేళ్ళు పనిచేసినవాడు. వాణ్ణి పిలిచి రేకు మూడుసార్లు చదివించాడు.

"తలకెక్కింది లెండి మేస్త్రిగారూ!" అని నవ్వాడు ఆమోసు.

"తలకెక్కితే చాలదురా. చేతికెక్కాలి. అందాకా ఆ రేకు చూసి మరీ చెయ్యి పెట్టు."

మిల్లు ప్రారంభానికి నాలుగు రోజుల ముందు తనిఖీకి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు రామకోటేశ్వరరావు గారు వచ్చారు. లంచం తినని మనిషి. తినేవాడైతే ఏదో ఒకటి ఇచ్చి రేకును బతికించుకోవచ్చు. ఈయన రూల్సు మాత్రమే తినేవాడు. పెట్టె తెరిచి చూసి మొహం చిట్లించారు.

"ఈ గొట్టాలేమిటి? ఇది అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేసి సర్టిఫికెట్టిచ్చిన పెట్టె. మీరు లోపల చెయ్యి పెడితే సర్టిఫికెట్టు చెల్లదు. తీసెయ్యండి."

"మన రూల్సు ప్రకారం నలుపు న్యూట్రల్ కదండీ. ఆ లెక్కన పెట్టే చెల్లకూడదు గదండీ," అన్నాడు శౌరయ్య.

"పెట్టె దాకా వచ్చే వైర్లకి మన రూల్సు. లోపలికి వాళ్ళ ప్రమాణం. ఏదీ తప్పు కాదు."

"ఆ రెండూ కలిసేచోట మా వాడి చెయ్యి ఉంటుందండీ."

ఆ మాట ఆయన చెవిన పడలేదు. రేకు చదువుతున్నారు. "కరుస్తుంది! ఇది ఏ రూల్లో ఉందయ్యా? ప్రమాద సూచికకి ఒక నమూనా ఉంది. పుర్రె, ఎముకలు, వోల్టేజి. ఇంకో మాట ఉండకూడదు. ఇదీ తీసెయ్యండి."

పని సరిగ్గా ఉందని కాంట్రాక్టరుగా శౌరయ్య సంతకం లేనిదే మిల్లుకి కరెంటు రాదు. ఆ సంగతి శౌరయ్యకీ తెలుసు, బసవపున్నయ్యకీ తెలుసు. అసలే ఎమర్జెన్సీ రోజులు. ప్రారంభానికి మంత్రిగారి తారీఖు ఖాయమైపోయింది. బసవపున్నయ్య శౌరయ్యని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయాడు. "నీకు దణ్ణం పెడతా శౌరయ్యా. నా పరువు తియ్యకు. ఇయ్యాళ నువ్వు అడ్డంపడితే రేపు నీ వైరింగు పర్మిటు పీకిస్తారు, నేను ఆపలేను."

పర్మిటు మాట వినగానే శౌరయ్య మెత్తబడ్డాడు. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ మెత్తబడ్డాడు. గొట్టాలు తన చేత్తోనే లాగేశాడు. రేకు ఊడదీసి సైకిలు క్యారియర్‌కి కట్టుకున్నాడు. తలుపు బయట పుర్రె బొమ్మ బిగించి సంతకం పెట్టాడు. ఆమోసుకి తెలుసుగా అని దారి పొడుగునా తనకి తనే చెప్పుకున్నాడు.

డిసెంబరులో, కుప్పనూర్పిళ్ళు ముమ్మరంగా ఉన్న ఒక మధ్యాహ్నం యంత్రం ఆగిపోయింది. ధాన్యం బళ్ళు రోడ్డుదాకా నిలబడిపోయాయి. బసవపున్నయ్య కేకలేస్తున్నాడు. ఆమోసు పరుగున వచ్చి పెట్టె తెరిచి, ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే చేశాడు.

కబురంది శౌరయ్య బస్సెక్కి వచ్చేసరికి శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి గోనెపట్టా కప్పారు. పెట్టె అలాగే తెరిచి ఉంది. టెస్ట్ ల్యాంపు నల్ల వైరుకి వేలాడుతోంది. మెలిక చక్కగా ఉంది. కుడివైపుకి రెండు చుట్లు, కొస లోపలికి మడిచి. అది శౌరయ్య నేర్పిన మెలికే.

పదోరోజున తనిఖీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. రామకోటేశ్వరరావు గారు కుర్చీ చూపించి, ఒక టైపు కాగితం ముందుకి జరిపారు. సర్క్యులర్. విదేశీ యంత్రాలలో నలుపు రంగు తీగలు విద్యుత్ ప్రవాహము గలవి కావచ్చును, నీలము రంగు తీగలు కాకపోవచ్చును, సిబ్బంది ఈ విషయము గమనింపవలెను. తన రేకు మీది మాటలే, పళ్ళూడబీకి పెట్టినట్టున్నాయి. తారీఖు నవంబరు రెండు. అంటే మిల్లు ప్రారంభానికి పది రోజుల ముందు.

"ముట్టినట్టు సంతకం చెయ్యండి. ఆ తారీఖే వెయ్యండి," అన్నారు రామకోటేశ్వరరావు గారు. "మీ మంచికే చెబుతున్నా. సర్క్యులర్ ముందే అందింది, మీరు అతనికి చదివి వినిపించారు, అతను లక్ష్యపెట్టలేదు. మిల్లుకి గాని, మీ పర్మిటుకి గాని ఏ ఇబ్బందీ ఉండదు."

"ఆమోసుకండీ?"

"అతనికింకేం ఇబ్బందయ్యా?"

ఆమోసుకి ఇబ్బంది లేదు, నిజమే. వాడి పెళ్ళాం మణెమ్మ ఉంది. ఇద్దరాడపిల్లలున్నారు. తప్పు వాడిదని తేలితే మిల్లు నుంచి పైసా రాదు. శౌరయ్య కలం తీశాడు. ఆరోజు తారీఖే వేశాడు. దాని కింద రాశాడు: "ఈ కాగితం నాకు ఈరోజే చూపించారు. హెచ్చరిక రేకు తియ్యమన్నది అధికారి. తీసింది నేను." సంతకం పెట్టి, ఒకసారి చదువుకుని, ఇచ్చాడు.

రామకోటేశ్వరరావు గారికి కోపం రాలేదు. కాగితం మడిచి సొరుగులో పడేశారు. అదే సర్క్యులర్ ఇంకో ప్రతి తీసి, వరండాలో బల్ల మీద కూర్చున్న మరో కాంట్రాక్టర్ని పిలిచారు. ఆయన నిలబడే, చదవకుండానే నవంబరు తారీఖు వేసి వెళ్ళిపోయాడు. సర్క్యులర్ అప్పుడే అందరికీ అందిందనడానికి ఆ ఒక్క సంతకం చాలు.

నెల తిరక్కుండా ఆఫీసు నుంచి రెండు కాగితాలు బయల్దేరాయి. ఒకటి శౌరయ్య పర్మిటు రద్దయిందని. రెండోది మణెమ్మకి. ఆ సాయంత్రమే శౌరయ్య ఆమె ఇంటికి వెళ్ళాడు. జరిగిందంతా చెప్పేద్దామనే వెళ్ళాడు. మణెమ్మ గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి, కొంగున కట్టుకున్న కాగితం విప్పి చూపించింది.

"చెప్పిన మాట చెవినబెట్టకుండా చేతులారా చేసుకున్నాడని రాశారంట, పాస్టరుగారు చదివి చెప్పారు. నిజమేనా బాబాయ్? ఆయన మీ మాట వినలేదా?"

"నిజం కాదమ్మా," అన్నాడు శౌరయ్య. "వాడు నేను నేర్పినట్టే చేశాడు."

మణెమ్మ మొహం తేటపడింది. ఆమోసు చనిపోయిన నాటి నుంచీ అలా తేటపడటం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ పెద్దపిల్లని దగ్గరికి లాక్కుంది.

"విన్నావటే? నాన్న తప్పేం లేదంట. మేస్త్రిగారు నేర్పినట్టే చేశాడంట."

శౌరయ్య చేతిలో నీళ్ళు అలాగే ఉండిపోయాయి.