శబ్దం తీసేసిన వీడియో

“మేస్త్రి ఎప్పుడో చచ్చాడు. ఇది పాత టేపు. దెయ్యానికి పౌడరు రాసి కుర్చీలో కూర్చోబెట్టారు, అంతే!”

టీవీ చర్చలో కత్తెర ఆ మాట అనగానే యాంకర్ పగలబడి నవ్వింది. అద్దం అవతల కంట్రోల్ రూమ్‌లోనూ నవ్వులే. ఆ నవ్వుల కోసమే ఛానల్ ఆయన్ని మేపుతోంది. ఎవరేం చెప్పినా కత్తిరించి పారేస్తాడని ఆయనకి ‘కత్తెర’ అని పేరు.

మేస్త్రి అంటే ఒకప్పుడు గోడలు కట్టి, తర్వాత వాటిని జనం మీద కూల్చడం మొదలుపెట్టినవాడు. కొండల్లో తుపాకుల దండుకి నాయకుడు. చంపేశామని సైన్యం చెప్పింది గానీ శవం దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వీడియోనీ కత్తెర నకిలీ అని తేల్చాడు. వాటిలో ఒకటి రెండు నిజంగానే నకిలీవి. దాంతో ఆయన మాటకి తిరుగు లేకుండా పోయింది.

ఇవాళ పొద్దున వచ్చిన వీడియో ఆయన వెనక తెర మీద తిరుగుతూనే ఉంది. చర్చ నడిచేటప్పుడు వీడియోకి శబ్దం తీసేస్తారు. వీడియో ఎడిటర్ మొదటి ముక్క కత్తిరించి, దాన్నే తిప్పి తిప్పి వేస్తాడు. కత్తెర చూసేదీ ఆ ముక్కే. మొత్తం చూసే తీరిక ఎవరికుంది?

మైకు విప్పి బయటికొస్తే రిసెప్షన్ దగ్గర బక్కోడి భార్య నిలబడి ఉంది. బక్కోడు ఆ ఛానల్ కెమెరామన్. కత్తెర ఈ ఛానల్లో అడుగు పెట్టినప్పట్నుంచీ ఆయన్ని ‘అన్నా’ అంటూ, ఆయన ముఖాన్ని రోజూ తెరకెక్కించింది వాడే. ప్రస్తుతం సెలవులో ఉన్నాడు.

“ఏమ్మా, మావాడు ఊరి నుంచి ఊడిపడ్డాడా?”

“వీడియో మొత్తం చూశారా బావగారూ?”

“చూడకుండా మాట్లాడతానా?”

ఆమె తన ఫోన్‌లో మొత్తం వీడియో తెరిచి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి శబ్దం ఉంది.

“నేను చచ్చానని రోజూ నవ్వే ఛానల్ మనిషే ఈ కెమెరా పట్టుకున్నాడు,” అంటున్నాడు మేస్త్రి, తాపీగా. “నేను బతికున్నానని ఆ ఛానలే ఈ సాయంత్రం వార్తల్లో చెప్పాలి. చెబితే ఇతను ఇంటికొస్తాడు. లేదంటే, చచ్చినవాడికి సాక్షి ఎందుకు?”

కెమెరా వెనక్కి తిరిగింది. పెదాలు ఎండిపోయిన బక్కోడి ముఖం. “అన్నా, నువ్వు చూస్తే చాలు.”

కత్తెరకి కిందటి వారం క్యాంటీన్లో తానన్న మాట గుర్తొచ్చింది. “మేస్త్రిని కెమెరాతో షూట్ చేసుకొస్తావా? అదేమన్నా సంతలో వంకాయ అనుకున్నావా? దమ్ముంటే తే, చూద్దాం!” టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. బక్కోడు నవ్వలేదు.

“అక్కావాళ్లింటికి వెళ్తున్నా అని చెప్పి వెళ్లారు,” అందామె. “ఇందాక మీరు టీవీలో ఆ దెయ్యం మాట అనగానే మా పెద్దది పడీ పడీ నవ్వింది బావగారూ. దానికింకా తెలీదు.”

కత్తెర న్యూస్ ఎడిటర్ గదిలోకి పరుగెత్తాడు.

“కంగారుపడకు,” అన్నాడు న్యూస్ ఎడిటర్. “ఇప్పుడే మొత్తం చూసి పోలీసులతో మాట్లాడాను. వెతుకుతున్నారు, చెప్పాలో వద్దో మన ఇష్టమన్నారు. కానీ ఇవాళ మేస్త్రి చెప్పమన్నది చెబితే రేపు మన హెడ్‌లైన్లు వాడే రాస్తాడు. ‘బతికి ఉండొచ్చు’ అను. నీ పరువూ నిలుస్తుంది, ఛానల్ పరువూ నిలుస్తుంది.”

ఆ ‘ఉండొచ్చు’ వినగానే కత్తెర గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

సాయంత్రం వార్తలు మొదలయ్యాయి. ‘ఉండొచ్చు’ నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం అవతల, కంట్రోల్ రూమ్ మూలలో, బక్కోడి భార్య కనిపించింది.

“మేస్త్రి బతికే ఉన్నాడు. పొరపాటు నాది.”

యాంకర్ కిసుక్కున నవ్వింది. “అబ్బా, ఏం వెటకారం సార్!”

“వెటకారం కాదమ్మా. నిజం.”

ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. కత్తెర ఎదురుగా ఉన్న మానిటర్లో తన ముఖం చూశాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది. మూతి ఓ పక్కకి వంకర తిరిగి ఉంది. సరిచేసుకోబోయాడు. ఆ ముఖానికి వేరే రూపం చేతకాలేదు.

“శబ్దం పెట్టి వీడియో చివరిదాకా వెయ్యండి,” అన్నాడు.

“పిచ్చెక్కిందా?” చెవిలోని ఇయర్‌ఫోన్లో న్యూస్ ఎడిటర్ అరిచాడు. కత్తెర దాన్ని పీకి బల్ల మీద పడేశాడు.

“వేసేదాకా ఈ కుర్చీలోంచి లేవను.”

వీడియో మొదలైంది. మేస్త్రి గొంతు, ఆ తర్వాత బక్కోడి గొంతు స్టూడియో అంతా వినిపించాయి. యాంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కత్తెర తలెత్తలేదు.

“ఇది నేను పొద్దున వినలేదు,” అన్నాడు చివర్లో. “వినకుండానే నవ్వాను. మిమ్మల్నీ నవ్వించాను. చంపేవాడు బతికే ఉన్నాడు. ఇక మావాణ్ణి వాడు పంపించాలి.”

రెండు రోజుల తర్వాత బక్కోణ్ణి హైవే పక్కన వదిలేసి వెళ్లారు. కబురు తెలియగానే కత్తెర వాళ్లింటికి వెళ్లాడు గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“లోపలికి రా అన్నా.” బక్కోడి మణికట్ల మీద తాడు కోసుకుపోయిన గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

“నన్ను నాలుగు తిట్టరా.”

“దేనికి? చివరికి చెప్పావుగా.” బక్కోడు కుర్చీ ఆయన వైపు జరిపాడు. “ఒకటి అడగనా? షాట్ మేస్త్రి చేతుల మీద మొదలుపెట్టి మెల్లగా ముఖానికి లేపాను. నీ షాట్లన్నీ నేను అలాగే తీస్తాగా. ఎవరు పట్టకపోయినా అన్న పట్టేస్తాడు, ఇది తీసింది మావాడే అంటాడు అనుకున్నా. ఆ ధైర్యంతోనే అక్కడ ఉన్నాను.”

ఆ రోజు పొద్దున తెర మీద తిప్పి తిప్పి వేసింది ఆ ముక్కే.

“గుర్తుపట్టావా అన్నా?”

వంటగది గుమ్మంలో గ్లాసుతో వస్తున్న బక్కోడి భార్య ఆగింది. కత్తెర తన చేతుల వైపు చూసుకున్నాడు. అబద్ధం రెడీగానే ఉంది. అద్భుతంగా చెప్పగలడు కూడా.

“లేదురా.”

బక్కోడు తలూపాడు. “అన్నకి మంచినీళ్లియ్యి,” అన్నాడు భార్యతో.

ఆమె గ్లాసు ఆయన చేతికివ్వలేదు. స్టూలు మీద పెట్టింది.

“తాగండి,” అంది. బావగారూ అనలేదు.