పదో కొవ్వొత్తి

యూనివర్సిటీ చరిత్ర సంఘం శాఖ నా చేతికొచ్చేనాటికి అందులో ఉన్న సరుకు చెబుతాను. గోడకు ఓ పక్కకు ఒరిగిన ఫ్రేములో అనుమతి పత్రం. చెప్పుల పెట్టె నిండా సగం కాలిన తెల్ల కొవ్వొత్తులు. హ్యాంగరుకు సభల్లో వేసుకునే ఒక నల్ల గౌను. సమావేశాలకు వచ్చే ఒకే ఒక్క సభ్యురాలు జోలీన్ పకెట్. సలహాదారు ప్రొఫెసర్ హారియెట్ ఆస్ట్రాండర్. ఇంత తక్కువ సరుకుతో నేనెప్పుడూ దుకాణం తెరవలేదు.

నా అసలు దుకాణం ఇండియానాలో, మా ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఉంది. పరుపులు, సోఫాలు అమ్ముతాను. మంగళ, గురువారాల్లో కొనేవాళ్లు రారు. ఊరికే కూర్చుని ఈగలు తోలడమెందుకని నలభై నాలుగో ఏట యూనివర్సిటీలో చరిత్ర చదవడానికి చేరాను. మార్కులు బాగానే వచ్చాయి. చరిత్రలో బాగా చదివేవాళ్లను చేర్చుకునే గౌరవ సంఘం ఒకటుంది. దాని శాఖ మా యూనివర్సిటీలోనూ ఉంది. వాళ్లు నన్నూ రమ్మన్నారు. చేరే పద్ధతి ఒక్కటే: పాత సభ్యుల కొవ్వొత్తి నుంచి మన కొవ్వొత్తి వెలిగించుకుని, అందరి ముందూ ప్రమాణం చెప్పాలి. ఆ సభ ఫిబ్రవరిలో, ప్రెసిడెంట్స్ డే సెలవుకు ముందు ఆదివారం పెట్టారు. పరుపుల వ్యాపారికి ఏడాదంతా తిండిపెట్టేది ఆ వారాంతపు అమ్మకమే. చందా పంపేసి నేను దుకాణంలోనే ఉండిపోయాను.

సెప్టెంబరులో ఎన్నికల సమావేశం అన్నారు. పిజ్జా ఉందంటే వెళ్లాను. జోలీన్, నేను, ప్రొఫెసర్ గారు, అంతే. జోలీన్ కార్యదర్శిగా ఉంటానంది. మిగిలిన అధ్యక్షుడి కుర్చీ నాకు దక్కింది.

జనవరిలో సంఘం కేంద్ర కార్యాలయం నుంచి కబురొచ్చింది. ఏప్రిల్ నెలాఖరులోగా కొత్తగా పదిమందిని చేర్చుకోకపోతే మా అనుమతి రద్దు. ప్రొఫెసర్ గారు పంతొమ్మిదేళ్లప్పుడు ఈ శాఖలోనే కొవ్వొత్తి వెలిగించుకున్నారు. ముప్పై ఏళ్లుగా దాన్ని నడుపుతున్నారు. మే నెలలో రిటైర్ అవుతున్నారు. ఆవిడ వెళ్లిపోయాక కూడా ఆ ఫ్రేము గోడ మీదే ఉంటుందా, లేక ఆవిడ సర్దుకునే పుస్తకాలతోపాటు అట్టపెట్టెలోకి పోతుందా అన్నది ఇక మేము తేల్చాలి.

"పోనీలే వెండెల్, దేనికైనా ఓ ఆఖరుంటుంది," అన్నారావిడ, ఫ్రేము వంక చూడకుండా.

అర్హులందరికీ ఆహ్వానాలు ఈమెయిల్‌లో పంపాం. ఒక్కరూ పలకలేదు. కారణం జోలీన్ చెప్పింది.

"పెద్దాయనా, 'అభినందనలు, మిమ్మల్ని ఎంపిక చేశాం, చందా కట్టండి' అని వస్తే నువ్వయితే తెరుస్తావా? నిన్న ఎవరో ముక్కూమొహం తెలీనావిడ చచ్చిపోయిన మొగుడి పియానో ఊరికే ఇస్తానని నాకు రాసింది, పచ్చి మోసం. మన ఆహ్వానం సరిగ్గా దాని కిందే ఉంది."

"అయితే మనల్ని దొంగలనుకుంటున్నారా?"

"దొంగలయితే ఇంకా బాగా రాసుండేవాళ్లు."

పరుపును బొమ్మలో చూపిస్తే ఎవరూ కొనరు. దాని మీద ఓసారి పడుకోబెట్టాలి. ఈమెయిళ్లు లేని రోజుల్లో ఎలా పిలిచేవాళ్లని ప్రొఫెసర్ గారిని అడిగాను.

"గౌను వేసుకుని క్లాసుకే వచ్చేవాళ్లు. అందరి ముందూ భుజం మీద చెయ్యి వేసేవాళ్లు. నా భుజం మీదా అలాగే వేశారు."

"మళ్లీ అదే చేద్దాం."

"క్లాసులో కూరగాయలమ్మినట్టు అరుస్తూ తిరగమంటావా నన్ను?"

"అరవక్కర్లేదు మేడమ్. చెయ్యి వేస్తే చాలు."

ఆవిడ వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి, ఒక్క క్లాసుకే వస్తాను, అదీ నీ నోరు మూయించడానికే అన్నారు.

ఆ ఒక్క క్లాసులో మేము ఎంచుకున్నది మార్కెల్ డుబోస్‌ని. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. రెండు కుర్చీలు కలిపి చేసినంత మనిషి. పాఠం మధ్యలో తలుపు తీసుకుని నల్ల గౌనులో ఆవిడ లోపలికొచ్చి, నేరుగా వాడి వైపు నడిచారు. వాడి మొహం పాలిపోయింది.

"మేడమ్, ఆ వ్యాసం నేనే రాశాను. ఒట్టు. మొత్తం నేనే రాశాను."

"నువ్వే రాశావని తెలుసు. అందుకే వచ్చాను." ఆవిడ వాడి భుజం మీద చెయ్యి వేశారు. "నీ పని మేము చూశాం మార్కెల్. వచ్చి మా పక్కన కూర్చుంటావా?"

వాడు కళ్లు చికిలించి గౌను కేసి చూశాడు.

"మీరు ఆ ఈమెయిల్ వాళ్లా? నాలుగుసార్లు తీసి పారేశానే."

"అందుకే మెట్లెక్కి వచ్చాను. నా మోకాళ్ల సంగతి నీకు తెలీదు."

"ఒక్క నిమిషం ఆగండి మేడమ్. మళ్లీ అనండి, మా నానమ్మకు చూపిస్తాను."

ఫోన్‌లో ఒక ముసలావిడ మొహం కనిపించింది. గౌను చూడగానే ఆవిడ గొంతు హాలంతా వినిపించింది. "ఎవరా ఆవిడ, జడ్జా? ఏం చేసి చచ్చావురా?"

ప్రొఫెసర్ గారు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటినుంచి చెప్పారు. నానమ్మ కళ్లజోడు తెచ్చి పెట్టుకుంది. తరువాత, "ఇంకోసారి చెప్పమ్మా, మా చెల్లెల్ని పిలుస్తాను," అంది.

బయటికొచ్చాక ప్రొఫెసర్ గారు గౌను చేతులు పైకి మడుచుకున్నారు. "తర్వాత ఎవరు?"

"ఒక్క క్లాసే అన్నారు కదా మేడమ్."

"వెండెల్, దారి చూపించు."

మార్చి అంతా అలాగే తిరిగాం. ఇద్దరు వద్దన్నారు. మార్కెల్‌తో కలిపి పదిమంది సరేనన్నారు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం సభ పెట్టాం. కేకు, పళ్లరసం, అరువు తెచ్చిన తెల్ల బల్లగుడ్డలు. మార్కెల్ నానమ్మ గ్యారీ ఊరి నుంచి బస్సులో వచ్చి ముందు వరుసలో టోపీ పెట్టుకుని కూర్చుంది. పక్కనే ఆవిడ చెల్లెలు. మొదలుపెట్టబోతుంటే జోలీన్ నా చొక్కా లాగింది.

"పెద్దాయనా, చేరతానన్న పదిమందిలో పెయిజ్ రావట్లేదు. పొద్దున్నుంచీ వాంతులంట."

"నువ్వు వెళ్లి తీసుకురాలేవా?"

"వస్తే కేకు మీద కక్కుతుంది."

గడువు మర్నాటితో సరి. కుర్చీల్లో ఉన్నది తొమ్మిదిమంది. పెయిజ్‌కి ఫోన్ చేసి, ఫోన్ ముందే కొవ్వొత్తి వెలిగించమందామా అన్నాను. ప్రొఫెసర్ గారు తల అడ్డంగా ఊపారు. తరువాత మెల్లగా నడిచొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"కిందటేడు సభనాడు నువ్వెక్కడున్నావు వెండెల్?"

"దుకాణంలో. పరుపులు అమ్ముతూ."

"చందా పంపితే సభ్యుడివైపోతావా? కేంద్రం జాబితాలో నీ పేరు లేదు. వచ్చి మా పక్కన కూర్చుంటావా?"

ముందు వరుసలో నుంచి నానమ్మ గొంతు వినిపించింది. "ప్రెసిడెంటే సభ్యుడు కాదంట. ఇదేం సంఘంరా మార్కెల్?"

"మీకు ఎప్పట్నుంచి తెలుసు మేడమ్?" అన్నాను.

"మార్కెల్ భుజం మీద చెయ్యి వేసిన రోజున గుర్తొచ్చింది. చెబితే, నాతో కలిపి పదవుతుంది, తొమ్మిదిమంది చాల్లే అని నువ్వు షట్టరు దించేసేవాడివి."

దించేసేవాణ్ణే. ఇరవయ్యేళ్లుగా బేరాలాడుతున్నాను, నన్ను ఇంత శుభ్రంగా చదివిన గిరాకీ ఇంకొకరు లేరు.

జోలీన్ తన కొవ్వొత్తి నా వైపు వంచింది. "తిన్నగా పట్టుకో పెద్దాయనా, టైకి అంటుకుంటుంది." నా ఒత్తి కాస్త మొండికేసి అంటుకుంది. ప్రమాణంలో రెండో వాక్యం మరచిపోతే ప్రొఫెసర్ గారు అందించారు.

మే నెలలో ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో వెళ్లిపోయాయి. ఫ్రేము మాత్రం గోడ మీదే ఉంది. దాన్ని నేనే తిన్నగా సర్దాను. సభ మర్నాడు, ఊరెళ్లే ముందు, మార్కెల్ నానమ్మ నా దుకాణానికొచ్చి, ఉన్న పరుపులన్నిటి మీదా ఒక్కో కునుకు తీసి, ఏదీ కొనకుండా వెళ్లింది. ఇక నా చేతికొచ్చింది చెప్పాలంటే, పట్టా తీసుకునేనాడు సంఘం సభ్యులు మెడలో వేసుకునే ఒక ఎర్ర పట్టుతాడు, చొక్కా మీద ఎంత ఉతికినా పోని మైనం మరక, గల్లాపెట్టె పక్కన సగం కాలిన కొవ్వొత్తి. వచ్చే ఏడు ఎవరికైనా వెలిగించడానికి ఆ సగం చాలు.